బండిలో ఏమీ ఉంచొద్దు

శామీర్‌పేటలో సముద్రం గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా అన్వర్‌ను అడగమనేవారు. బాపట్ల దగ్గరి సూర్యలంకకు ఏ రోజు వెళితే రద్దీ తక్కువ, చీరాల పక్కన వాడరేవులో చేపలు బాగా వేయించి పెట్టేది ఎవరు, మచిలీపట్నం దగ్గరి మంగినపూడికి చిన్నపిల్లలతో వెళ్లొచ్చా, అన్నిటికీ అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఉండక ఏం చేస్తుంది? ఇరవై రెండేళ్లుగా తూఫాన్ బండి నడుపుతున్నాడు. పదిమందీ పన్నెండుమందీ కలిసి బండి మాట్లాడుకుంటే, వాళ్లు ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లి తీసుకొస్తాడు. అందులో సముద్రం వైపు వెళ్లినవే ముప్పై సార్లకు తక్కువ ఉండవు. అలాంటి మనిషి సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదని నాకు మొన్న ఏప్రిల్‌లో తెలిసింది. తెలియకపోయినా బాగుండేది. ఆ తర్వాత నెల రోజులు నా ప్రాణం తోడేశాడు.

నా పేరు గోపాలరావు. కరీంనగర్ రోడ్డు మీద, బస్సులు ఆగే చోటికి ఎదురుగా నాది జిరాక్స్ దుకాణం. ఆధార్ కార్డులు, పొలాల పహాణీ నకళ్లు, లా చదివే పిల్లల పుస్తకమంత రిపోర్టులు, ఇదీ నా లోకం. "ఒక్క నిమిషం పని సార్" అంటూ వచ్చి గంట కూర్చునేవాళ్లంటే నాకు పడదు. అన్వర్ ఇల్లు నా దుకాణం వెనక గల్లీలో. కిరాయి లేని రోజున అతని బండి సరిగ్గా నా బోర్డుకు అడ్డంగా నిలబడి ఉంటుంది. తియ్యమని నేనూ, ఈ ఒక్కరోజే అని అతనూ పదిహేనేళ్లుగా పోట్లాడుకుంటున్నాం. మా స్నేహం అలా మొదలై అలాగే సాగుతోంది.

పోయిన చలికాలం అన్వర్‌కు షుగర్ ఉందని తేలింది. అతని కూతురు షిరీన్ మేడ్చల్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. తండ్రిని కూర్చోబెట్టి, రాత్రిళ్లు బండి నడపనని ఒట్టు వేయించుకుంది. జూన్ నుంచి కీసర దగ్గర ఒక బడి బస్సు నడపడానికి అన్వర్ ఒప్పుకున్నాడు. తూఫాన్‌ను గండిమైసమ్మ నుంచి వచ్చిన ఒకాయన చూసి, నచ్చి, మే నెలాఖరుకు తీసుకుపోతానన్నాడు. అప్పుడు అన్వర్ భార్య సఫూరా నోరు తెరిచి ఒక కోరిక కోరింది. ఆమె పుట్టిల్లు కీసర, మెట్టినిల్లు శామీర్‌పేట. ఆ రెండు ఊళ్ల మధ్యే ఆమెకు నలభై ఐదేళ్లు గడిచాయి. ఊళ్లో అందరి పిల్లల్నీ సముద్రానికి మోసిన బండి, చేయి దాటిపోయేలోపు ఒక్కసారి మనల్నీ తీసుకెళ్లనీ అంది.

కాదనడానికి అన్వర్‌కు కారణం దొరకలేదు. సరే అన్నాడు. మర్నాడు సాయంత్రం ముగ్గురూ నా దుకాణానికి వచ్చారు. దారి, ఆగే చోట్లు, తీసుకెళ్లే సామాను అన్నీ ఒక కాగితం మీద టైపు చేసి ఇమ్మన్నారు. మా ఆవిడ రోజారాణిని కూడా రమ్మని సఫూరా అప్పటికే పిలిచి పెట్టింది. నన్ను ఎవరూ అడగలేదు. ఆమె వస్తోంది కాబట్టి నేనూ వస్తున్నట్టే లెక్క.

కంప్యూటర్‌లో నేను మ్యాప్ తెరిచాను. అన్వర్ దానివంక చూడను కూడా చూడలేదు. కళ్లు సగం మూసుకుని చెప్పుకుపోయాడు.

"పొద్దుగాల ఫజర్ నమాజ్ కాంగనే ఎల్లాలె రావ్ సాబ్. ఈడనే రింగురోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట్ల దిగుతం. నార్కట్‌పల్లిల చాయ్. ఆడికెల్లి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నర్సరావుపేట. చిలకలూరిపేట దాటినంక చీరాల బోర్డు జర సిన్నగుంటది, మస్తు మంది ఆడనే తప్పుతరు. మనం తప్పం. మొదటిదినం సూర్యలంక, రెండోదినం వాడరేవు. మూడోదినం రేపల్లె మీదికెల్లి మచిలీపట్నం, మంగినపూడి. బెజవాడ రోడ్డు పట్టుకొని ఇంటికి."

నేను టైపు చేస్తున్నాను. మ్యాప్ కూడా అదే దారి చూపించింది. ఏ ఊళ్లో స్పీడ్‌బ్రేకర్లెన్ని ఉన్నాయో, ఏ మలుపులో పోలీసులు నిలబడతారో, ఏ పెట్రోలు బంకులో ఆడవాళ్లకు బాత్రూం శుభ్రంగా ఉంటుందో వరుసగా చెప్పాడు. సూర్యలంకలో బండి ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాడు.

"పార్కింగ్‌ల కుడిచేతి పక్క సరుగుడు చెట్లుంటయ్. మూడో చెట్టు కింద పెట్టుకుంటె పొద్దంత నీడ. బండి సల్లగుంటది."

"పప్పా, బండి దిగినంక నీళ్లు ఎంత దూరం?" అని షిరీన్ అడిగింది.

"దగ్గరనే బేటా."

"దగ్గరంటె? ఈడికెల్లి బస్సులాగే కాడికా, చెరువు కట్ట దాకనా?"

అన్వర్ చేతిలోని తాళంచెవిని ఇటు తిప్పి అటు తిప్పాడు. "పోయినంక సూస్తవ్ గదా," అన్నాడు. చెట్టు నంబరుతో సహా చెప్పినవాడు నీళ్ల దూరం చెప్పలేకపోవడం నాకు వింతగానే అనిపించింది. కానీ అప్పటికి లా చదివే పిల్ల ఒకతె నూట ఇరవై పేజీలు పట్టుకుని నా నెత్తి మీద నిలబడి ఉంది. దాని గురించి ఆలోచించే తీరిక దొరకలేదు.

తర్వాత సామాను పట్టిక. ఈ దేశంలో నాకు బాగా తెలిసిన విషయం ఒకటుంటే అది ఇదే. కీసర గుట్టకు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు కూడా సగం ఇల్లు వెంట తీసుకెళతారు. అందుకని ఎవరూ చెప్పకముందే నేను కుక్కర్, చిన్న గ్యాసు పొయ్యి, రెండు చాపలు, నీళ్ల క్యాను, దిండ్లు అని టైపు కొట్టాను.

"అయన్ని తీసెయ్ భయ్యా," అంది సఫూరా.

"చాపలైనా?"

"చాపలు గూడ. ఒక్కొక్కలకు ఒక్క సంచి. భుజానికి తగిలించుకునేది. రెండు జతల బట్టలు, తువ్వాల, గంతే. తినేది దారిల తింటం. బంగారం ఇంట్ల పెట్టి రావాలె. బండి దిగేటప్పుడు ఎవ్వల సంచి ఆల్ల భుజానికే ఉండాలె. చెప్పులు గూడ బండిల ఇడవొద్దు." ఒక్క క్షణం ఆగి, "పైన పెద్దక్షరాలల్ల రాయి. బండిల ఏం ఉంచొద్దని," అంది.

అన్వర్ నవ్వాడు. "ఇన్నేండ్లల్ల నేను సామాను లేని కిరాయి పార్టీని సూడలే రావ్ సాబ్. ఒక్కొక్క పార్టీ ఇంటి తలుపొక్కటి ఇడిసిపెట్టి అన్ని దెస్తరు."

"మేం పార్టీ కాదు," అంది సఫూరా.

నాకు ఈమెకు ఏదో చాదస్తం పట్టుకుందనిపించింది. అయినా పెద్దక్షరాలతోనే కొట్టాను. బండిలో ఏమీ ఉంచొద్దు. మా రోజారాణి ఆ కాగితం పట్టుకెళ్లి మా ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం అన్వర్ ఒక్కడే వచ్చాడు. వచ్చినవాడు బండి గురించి పోట్లాడలేదు. బల్ల మీద కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ, "రావ్ సాబ్, గా కంప్యూటర్ల సముద్రం సూపెట్టు," అన్నాడు.

"నీకెందుకయ్యా? నువ్వు చూడని సముద్రమా?"

నేను తల తిప్పి చూస్తే అతని మొహం పాలిపోయి ఉంది. షుగర్ పడిపోయిందేమోనని భయపడి బిస్కెట్ల కోసం లేచాను. "కూసో, నాకేం కాలే," అని, అప్పుడు చెప్పాడు.

సముద్రానికి కిరాయి అంటే పద్ధతి ఒకటుంటుందట. సాయంత్రం ఇక్కడ బయలుదేరి, రాత్రంతా నడిపి, తెల్లవారేసరికి అక్కడికి చేర్చాలి. పార్టీ వాళ్లు పొద్దంతా నీళ్లలో ఆడుకుని వస్తే, ఆ రాత్రే మళ్లీ వెనక్కి నడపాలి. అంటే డ్రైవర్ నిద్రపోవలసింది ఆ మధ్యలోనే. దిగగానే అందరూ ఫోన్లు, పర్సులు, గొలుసులు, గడియారాలు, చెప్పులు తీసి బండిలో పడేస్తారు. "అన్వర్ భాయ్, జర సూస్కో" అంటారు. ఒకసారి ఒక పార్టీ, పాప నిద్రపోతోందని చెప్పి ఆరు నెలల పిల్లను కూడా సూస్కో అని పోయారట. ఇక బండి విడిచి కదిలేది ఎక్కడ? మధ్య సీటులో పడుకుని, కాళ్లు కిటికీలోంచి బయటికి పెట్టి, తాళంచెవి పిడికిట్లో పట్టుకుని నిద్రపోవడం. సూర్యలంక పార్కింగ్ నుంచి చూస్తే ఎదురుగా ఇసుక దిబ్బ, చెట్లు. అంతే.

"సప్పుడు మాత్రం ఇనవడ్తది రావ్ సాబ్. దూరంగ లోడు లారీ పోతున్నట్ల. ఎన్నడు ఆగదు."

"మరి ఇంట్లో ఇన్ని కబుర్లు చెప్పావు?"

అది మొదటి కిరాయి నాటి సంగతి. పెళ్లయి మూడు నెలలు. బయలుదేరేటప్పుడు సఫూరా అతని కుడి చేతి దండకు ఇమామ్ జామిన్ కట్టింది. వాళ్లలో అది పాత ఆచారం. ప్రయాణం చేసే మనిషికి ఆకుపచ్చ గుడ్డలో ఒక నాణెం మూటగట్టి చేతికి కడతారు. క్షేమంగా చేరాక ఆ నాణేన్ని విప్పి, చేరిన చోట బీదవాడికి ఖైరాత్‌గా ఇవ్వాలి. అన్వర్ చేరాడు, పడుకున్నాడు, లేచి బండి తిప్పుకుని వచ్చేశాడు. ఇంటికి వచ్చి స్నానానికి చొక్కా విప్పితే మూట చేతికి అలాగే ఉంది. ఖైరాత్ ఎందుకు ఇవ్వలేదని సఫూరా అడిగింది. సముద్రం దగ్గర ఫకీర్లు లేరన్నాడు. సముద్రం ఎట్లా ఉందని అడిగింది. అప్పుడు అతనికి తోచింది చెప్పాడు.

"మన చెరువే అనుకో. అవతలి గట్టు తీసేస్తే ఎట్లుంటదో గట్లనే అని సెప్పిన. నాకే ఎట్లొచ్చిందో గా మాట. ఆమెకు మస్తు నచ్చింది. సుట్టపోల్లందరికి సెప్పుకున్నది, మా ఆయన గిట్లన్నడని. ఇగ తర్వాత నేను సూడలేదని ఎట్ల సెప్పాలె?"

తర్వాత ప్రతిసారీ చెప్పవలసి వచ్చింది. తిరిగి వచ్చే దారిలో పార్టీ వాళ్లు మాట్లాడుకునేవి విని, ఆ మాటలే ఇంటికి మోశాడు. అల మోకాళ్ల దాకా వచ్చి కాళ్ల కింది ఇసుకను లాగేస్తుందట, నీళ్లు నోట్లో పోతే ఉప్పట, చిన్న పీతలు పక్కకు నడుస్తాయట. బండి కడిగేటప్పుడు సీట్ల కింద పిల్లలు పడేసుకున్న గవ్వలు దొరికేవి. వాటిని తుడిచి తెచ్చి సఫూరా చేతిలో పెట్టేవాడు. ఆమె వాటిని ఒక గాజు సీసాలో పోసి బియ్యం డబ్బా పక్కన పెట్టుకుంది. ఇప్పుడు ఆ సీసా మూతి దాకా నిండింది.

నాకు నిజంగా కోపం వచ్చింది. "ఇదేం పెద్ద నేరమని దాచావయ్యా? పనిమీద పోయాను, నిద్రపోయాను అంటే ఆమె కొడుతుందా?"

"కొట్టదు రావ్ సాబ్." అతని గొంతు తగ్గింది. "ఆమె యేడికి పోలే. నేను తిరిగేది ఇద్దరి లెక్కల పడ్తది అనుకున్నది. నేను సూసొచ్చి సెప్తె ఆమె సూసినట్లే ఉండె. ఇప్పుడు నేను గూడ సూడలేదంటె, ఇద్దరం సూడనట్లే గదా. ఇన్నేండ్లు ఉత్త మాటలు ఇన్ననా అని మనసు ఇరిగిపోతది ఆమెకు. గదే నా భయం."

నేను చేయగలిగింది చేశాను. వీడియో పెట్టాను.

ఆ విధంగా నేను ఒక తూఫాన్ డ్రైవర్‌కు సముద్రం పాఠం చెప్పడం మొదలుపెట్టాను. వారం రోజుల పాటు మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే వచ్చి కూర్చునేవాడు. అలలు ఎటు నుంచి ఎటు వస్తాయి, పొద్దున నీళ్లు ఎక్కడి దాకా ఉంటాయి, సాయంత్రం ఎక్కడికి పోతాయి. నేను జీవితంలో ఒక్కసారి, ఒక పెళ్లికని విశాఖపట్నం వెళ్లినప్పుడు సముద్రం చూశాను. దానితోనే నన్ను నేను పెద్ద గురువునని అనుకున్నాను. చూపిన వీడియోలు కూడా ఎక్కువగా అక్కడివే అయ్యాయి.

ఫలితం మూడోరోజే తెలిసింది. షిరీన్ హాల్‌టికెట్ ప్రింటు కోసం వచ్చి, "అంకుల్, సూర్యలంకల నీళ్ల పక్కనే పెద్ద గుట్ట ఉంటదని పప్పా నిన్న అన్నం తినుకుంట చెప్పిండు. మ్యాప్‌ల గుట్ట లేదు గదా?" అని అడిగింది.

"మీ అమ్మ ఏమంది?"

"గుట్ట ఎడమ దిక్కా, కుడి దిక్కా అని అడిగింది. పప్పా ఎడమ దిక్కు అన్నడు. అమ్మీ లేసి వంటింట్లకు పోయింది."

ఆ సాయంత్రం అన్వర్‌ను పట్టుకుని నాలుగు మాటలు అనబోయాను. "నువ్వు సూపెట్టిందే గద రావ్ సాబ్," అన్నాడు. తప్పు నాదే. ఆ గుట్ట విశాఖపట్నం వీడియోల్లోది. బాపట్ల వైపంతా చదును నేల, ఇసుక, సరుగుడు చెట్లే, గుట్టలు లేవు. ఇక నోరు కదపొద్దని, అడిగితే పంటి నొప్పి అని చెప్పమని హెచ్చరించి పంపాను.

అతను ఇంకో ఉపాయం చేశాడు. మే నెల ఎండలకు మనుషులు రాలిపోతున్నారు, వానలు పడ్డాక పోదామన్నాడు. వానలు పడేసరికి బండి గండిమైసమ్మలో ఉంటుందని సఫూరా గుర్తుచేసింది. క్లచ్చు పట్టడం లేదన్నాడు. షిరీన్ మెకానిక్ బాలమల్లును ఇంటికే తీసుకొచ్చింది. అతను బండి కిందికి దూరి, బయటికి వచ్చి, ఈ క్లచ్చు నా కంటే గట్టిగుంది అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అన్వర్ ఊరుకున్నాడు. తిండి తగ్గించాడు. దుకాణం ముందు బండి పెట్టి, దిగకుండా స్టీరింగు మీద చేతులు వేసుకుని కూర్చునేవాడు. నాకు అతని మీద జాలి వేసేది. జాలి వేసినా నా బోర్డు మాత్రం కనబడేది కాదు.

మా రోజారాణికి నేను ఒక్క ముక్క చెప్పలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో నేను దాచిన మొదటి రహస్యం అది. ఎంతో గర్వంగా దాచాను.

బయలుదేరే రోజు మేము అయిదున్నరకల్లా అన్వర్ ఇంటి ముందు ఉన్నాం. భుజానికి ఒక్కొక్క సంచి. సఫూరా వాకిట్లో నిలబడి, ఆకుపచ్చ గుడ్డ ముక్కల్లో నాణేలు మూటగట్టి, ఒక్కొక్కరి దండకూ ఇమామ్ జామిన్ కట్టింది. షిరీన్‌కు, రోజారాణికి, నాకు. షిరీన్ లేచి తల్లికి కట్టింది. ఆ తర్వాత సఫూరా ఇంట్లోకి వెళ్లి ఇంకో మూట తెచ్చింది. అన్వర్ చేయి వెనక్కి లాక్కున్నాడు.

"నాకెందుకు? నేను డ్రైవర్ని."

"నువ్వు గూడ ప్రయాణం జేస్తున్నవ్," అంది సఫూరా. అతని చొక్కా చేయి పైకి మడిచి, రెండు ముళ్లు వేసి కట్టింది. మొదటిసారి తర్వాత ఆమె అతనికి ఇది కట్టడం మళ్లీ ఇప్పుడే.

దారి అతను చెప్పినట్టే ఉంది. నార్కట్‌పల్లిలో చాయ్ తాగాం. మిర్యాలగూడ దాటాక ఎండ బండిలోకి వచ్చి మాతోపాటు కూర్చుంది. రోజారాణీ షిరీనూ పాటలు పాడారు. చీరాల చిన్న బోర్డు దగ్గర అన్వర్ తప్పిపోలేదు. చీరాలలో భోజనం చేసి, ఎండ తగ్గేదాకా హోటల్లో ఫ్యాను కింద కూర్చున్నాం. సఫూరా ముందు సీటులో, అన్వర్ పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ వచ్చింది. బాపట్ల దాటాక గాలి మారింది. జిగటగా, చల్లగా మొహానికి తగిలింది. అద్దంలో అన్వర్ నావంక చూశాడు. ధైర్యం చెబుదామని తల ఊపాను. ఆ తల ఊపుడు నాకే పనికిరాలేదు.

నాలుగున్నరకు సూర్యలంకలో బండి ఆగింది. పార్కింగ్‌లో కుడిచేతి పక్క సరుగుడు చెట్లు, మూడో చెట్టు కింద నీడ. ఎదురుగా ఇసుక దిబ్బ. అవతల నుంచి చప్పుడు వినబడుతోంది, అన్వర్ చెప్పినట్టే, లోడు లారీ ఆగకుండా పోతున్నట్టు.

అతను దిగి, అలవాటు ప్రకారం అన్ని తలుపులూ తెరిచాడు. మేం దిగాం. "మీరు పోయి రాండ్రి. నేను బండి కాడ ఉంట," అన్నాడు. "సామాన్లు..."

ఆ మాట దగ్గర ఆగిపోయాడు. బండిలోకి చూశాడు. వెనక సీటు చూశాడు, వంగి సీట్ల కింద చూశాడు. ఒక్క సంచి లేదు. ఫోన్లు మా జేబుల్లో ఉన్నాయి. చెప్పులు మా కాళ్లకే ఉన్నాయి. చివరికి అతని సంచి కూడా షిరీన్ భుజానికే ఉంది.

"ఏం సామాన్లు?" అని సఫూరా అడిగింది.

నా వంతు వచ్చిందనుకుని నేను అడ్డం పడ్డాను. "అన్వర్ భాయ్ ముప్పై సార్లు చూసినవాడే కదమ్మా. షుగర్ మనిషి, కాసేపు పడుకోనీ. కావాలంటే నేనూ..." అంటుండగా మా రోజారాణి నా మోచేతి పైన గిచ్చింది. నొప్పికి నోరు మూసుకున్నాను.

"ఆయన సూడలే భయ్యా," అంది సఫూరా.

అన్వర్ బండి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"నేను కట్టింది ఇప్పి సూడు," అంది అతనితో. అతను ఎడమచేత్తో ముడి లాగాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది. గుడ్డలోంచి పాత అయిదు రూపాయల నాణెం బయటపడింది, ఇప్పుడెక్కడా కనబడని లావు బిళ్ళ. అతను దాన్ని వేళ్ల మధ్య తిప్పి, తలెత్తి ఆమెను చూశాడు.

"గదే ఇది," అంది సఫూరా. "నువ్వు మొదటిసారి తిరిగి తెచ్చింది. సముద్రం కాడ ఫకీర్లు లేరంటివి. మంది వచ్చే కాడ ఫకీరు లేకుంట ఉంటడా? నువ్వు బండి దిగలేదని నాకు గప్పుడే ఎరుకైంది. చేరని మనిషి పేరు మీద ఖైరాత్ ఎట్లిస్తరు? చేరిన్నాడు ఇద్దమని దాసిపెట్టిన."

"మరి అడగలేదేం?" అన్నాడు అన్వర్. "ఇన్నేండ్లు..."

"అడిగితె నువ్వు సెప్పుడు బంద్ జేస్తవ్. నువ్వు సెప్తుంటె నాకు మంచిగుండె. నిద్రలేక సచ్చి వచ్చి గూడ, పదిమంది మాటలిని నాకోసం మోసుకొస్తివి. ఎవ్వల మొగడు తెచ్చిండు గట్ల?" ఆమె కళ్లు తుడుచుకుంది. అలా తుడుచుకుంటూనే నవ్వింది. "గుట్ట సంగతి సెప్పిన దినం మాత్రం నవ్వాపుకోలేక వంటింట్లకు ఉరికిన."

మా రోజారాణి కూడా నవ్వింది. ఆమెకు ఈ కథంతా సఫూరా పదేళ్ల కిందే చెప్పిందట. నెల రోజులు నేను పళ్లు బిగించి దాచిన రహస్యం ఇదీ. నాకు ఎంత ఉక్రోషం వచ్చిందంటే, ఆ సంగతి మీద ఇప్పటికీ ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదు.

సఫూరా చేయి చాపింది. అన్వర్ తాళంచెవి ఇచ్చాడు. ఆమె చుట్టూ తిరిగి అన్ని తలుపులూ వేసి, తాళం వేసి, తాళంచెవిని ఓఢ్నీ కొసకు ముడి వేసుకుంది.

దిబ్బ మీదికి దారి ఇసుకలో సన్నగా ఉంది. దారి మొదట్లో ఒక ముసలాయన సత్తు గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అన్వర్ వంగి నాణెం వేయబోయాడు. సఫూరా అతని చేయి పట్టుకుంది.

"ఇంక చేరలే. సూసొచ్చినంక."

అతను నాణేన్ని పిడికిట్లో పెట్టుకున్నాడు. ఎప్పుడూ తాళంచెవిని పట్టుకునే పిడికిలి అది. షిరీన్ పరుగెత్తి అప్పటికే అవతలికి దిగిపోయింది. అన్వర్ మెల్లగా ఎక్కాడు. ఇసుకలో నడవడం అతనికి రాదు. ప్రతి అడుగుకూ కాలు జారుతోంది. సఫూరా అతని మోచేయి వదల్లేదు. మేమిద్దరం నాలుగడుగులు వెనక నడిచాం.

పైకి చేరాక ఇద్దరూ ఆగారు. గాలికి సఫూరా ఓఢ్నీ ఎగిరి అతని మొహం మీద పడింది. అతను దాన్ని పక్కకు తీసి చూశాడు. ఒక కొస నుంచి రెండో కొస దాకా తల తిప్పి చూసి, మళ్లీ మొదటి కొసకు వచ్చాడు.

"నిజంగనే అవతలి గట్టు లేదు సఫూరా," అన్నాడు.

"నువ్వే సెప్పినవ్ గదా," అంది ఆమె.